ఇరవై ఏళ్ళ పంతులమ్మ

పిల్లవాడికి లెక్కలు రావడం లేదనో, అమ్మాయి ఇంగ్లీషులో వెనకబడిందనో ఇంటికి ఒక ప్రైవేటు మాష్టార్ని కుదుర్చుకుంటాం. కుదుర్చుకునే ముందు వాకబు చేస్తాం. ఏం చదివారు? ఎన్నేళ్ళ అనుభవం? ఎవరెవరి పిల్లలకి చెప్పారు? వాళ్ళకి మార్కులెన్నొచ్చాయి? అన్నీ అయ్యాక వంటింటి గుమ్మంలోంచి ఇల్లాలు నెమ్మదిగా ఇంకొక ప్రశ్న అడిగిస్తుంది: "పిల్లాణ్ణి కొట్టరు కదండీ?"

అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే ఈ ప్రశ్నలే 1887లో అమెరికాలో ఒక తండ్రి గట్టిగా పట్టుకుని కూర్చుని వుంటే, ప్రపంచం చెప్పుకునే ఒక గొప్ప చదువు మొదలయ్యేదే కాదు. ఎందుకంటే ఆ ఇంటికి వచ్చిన పంతులమ్మకి అనుభవం సున్నా. టీచరు ట్రైనింగు లేదు. కళ్ళు సరిగా కనపడవు. అంతకుముందు ఆమె పాఠం చెప్పిన పిల్లలూ లేరు, వాళ్ళకొచ్చిన మార్కులూ లేవు. ఆమె ఎక్కడ పెరిగిందో తెలిస్తే ఆ పెద్దమనిషి గుమ్మం కూడా ఎక్కనిచ్చేవాడు కాదేమో!

ఆమె పేరు ఆన్ సలివాన్. అలబామా రాష్ట్రంలో టస్కంబియా అనే చిన్న వూళ్ళో 1887 మార్చి 3న ఆమె రైలు దిగింది. అప్పటికి ఇరవై ఒకటో పుట్టినరోజు ఇంకా రాలేదు. పాఠం చెప్పవలసిన పిల్ల హెలెన్ కెల్లర్. ఆరేళ్ళ ఎనిమిది నెలల వయసు. చూపు లేదు, వినికిడి లేదు, మాట లేదు.

హెలెన్ కెల్లర్ కథ మనకి కొత్త కాదు. నీళ్ళ పంపు దగ్గర ఒక చేతిమీద నీళ్ళు పడుతుంటే, రెండో చేతిలో టీచరు "నీళ్ళు" అని రాయడం, పిల్ల ముఖం వెలిగిపోవడం - ఇది చాలామంది విన్నదే. నాటకంగా, సినిమాగా కూడా వచ్చింది. అయితే ఆ కథలో టీచరు వచ్చి, మంత్రం వేసినట్టు ఒక మాట అని, పక్కకి తప్పుకుంటుంది. మంత్రాలకి చింతకాయలు రాలవని మనకి తెలుసు. పంపు దగ్గర జరిగింది ఒక్క క్షణం. దానికి ముందు నెలరోజుల గుంజాటన వుంది. దాని తరవాత నలభై తొమ్మిదేళ్ళ చాకిరీ వుంది. వీటన్నిటి వెనకా ఆ టీచరు తన బాల్యంలోంచి తెచ్చుకున్న బుద్ధి వుంది. చెప్పుకోవలసింది ఆ బుద్ధి గురించే.

ఆన్ 1866 ఏప్రిల్ 14న మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫీడింగ్ హిల్స్ అనే పల్లెలో పుట్టింది. తల్లిదండ్రులు ఐర్లండు నుంచి పొట్టచేత పట్టుకుని వలస వచ్చినవాళ్ళు. చదువు లేదు, డబ్బు లేదు. తండ్రికి తాగుడు మాత్రం వుంది. పిల్లకి అయిదేళ్ళప్పుడు ట్రకోమా అనే కంటిజబ్బు పట్టుకుంది. దానితో చూపు మసకబారిపోయింది. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తల్లి క్షయతో పోయింది. కొన్నాళ్ళకి తండ్రి పిల్లల్ని చుట్టాలకి వదిలేశాడు. చుట్టాలు కళ్ళు కనపడని ఆన్‌నీ, తుంటి జబ్బుతో కుంటుతున్న ఆమె తమ్ముడు జిమ్మీనీ 1876 ఫిబ్రవరిలో ట్యూక్స్‌బరీ అనే వూళ్ళో ప్రభుత్వం నడిపే బీదల శరణాలయంలో చేర్పించి చేతులు దులుపుకున్నారు.

శరణాలయం అంటే మనం పిల్లల కోసం పెట్టిన అనాథాశ్రమం అనుకుంటాం. అది అలాంటిది కాదు. రోగులూ, మతి చలించినవాళ్ళూ, దిక్కులేని ముసలివాళ్ళూ, పెళ్ళికాకుండా గర్భవతులైన ఆడవాళ్ళూ అందరూ ఒకచోటే. వార్డు చివర చచ్చిపోయినవాళ్ళని వుంచే గది. పదేళ్ళయినా నిండని అక్క, తమ్ముడి మంచం తన మంచం పక్కనే వుండాలని పట్టుబట్టి సాధించుకుంది. కొన్ని నెలలకే ఆ మంచం ఖాళీ అయింది. జిమ్మీ చచ్చిపోయాడు. ఆన్‌కి ఇక తన మనిషి అంటూ ఎవరూ మిగల్లేదు.

అక్కడ ఆమె నాలుగేళ్ళకి పైగా వుంది. చదువు చెప్పేవాళ్ళు లేరు. కంటికి ఆపరేషన్లు చేయించారు గాని గుణం కనపడలేదు. కళ్ళులేని పిల్లల కోసం ఎక్కడో బడి వుందట అన్న మాట మాత్రం చెవిని పడింది. ఆ మాట పట్టుకుంది. 1880లో శరణాలయం పరిస్థితి చూడడానికి ప్రభుత్వం తరఫున ఫ్రాంక్ శాన్‌బార్న్ అనే ఆయనా మరికొందరూ వచ్చారు. ఆ పెద్దమనుషులు ఒక్కొక్క వార్డే చూసుకుంటూ పోతుంటే వాళ్ళ వెనకే నడిచింది. ఎవరు శాన్‌బార్నో కళ్ళకి ఆనదు. చివరికి వాళ్ళు గేటు దాటిపోతున్నారనగా గుంపులోకి చొరబడి, నాకు బడికి వెళ్ళాలని వుంది అని గొంతెత్తి అరిచింది.

ఈ ఒక్క ఘట్టం గుర్తుపెట్టుకోండి. చదువు తనంతట తాను గుమ్మంలోకి రాలేదు ఆమెకి. వెంటపడి, అరిచి, గుంజుకుంది. అలాంటి మనిషి పిల్లకి చదువు చెప్పవలసి వచ్చినప్పుడు "పాపం, కళ్ళులేని పిల్ల, ఏం నేర్చుకుంటుందిలే" అని వూరుకోగలదా?

1880 అక్టోబరులో ఆమె బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. పద్నాలుగేళ్ళ పిల్లకి తన పేరు రాయడం రాదు. తోటి ఆడపిల్లలు కలిగినవాళ్ళ ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళు నవ్వారు. ఈమె కూడా తక్కువ తినలేదు. నోరు పెద్దది, కోపం ముక్కుమీద. ఒకటి రెండుసార్లు బడిలోంచి పంపేసేదాకా వచ్చింది. 1881, 1882లో జరిగిన ఆపరేషన్లతో కొంత చూపు వచ్చింది. అచ్చు అక్షరం చదవగలిగింది. 1886లో చదువు ముగిసేనాటికి క్లాసులో మొదటిది. పట్టాలిచ్చే సభలో విద్యార్థుల తరఫున మాట్లాడింది ఆమే.

ఆ బడిలో ఆమెకి పాఠాలకన్నా ఎక్కువ పనికొచ్చిన విషయం ఇంకొకటి వుంది. లారా బ్రిడ్జ్‌మన్ అనే ఆవిడ అక్కడే వుండేది. రెండేళ్ళ వయసులో జ్వరం తగిలి చూపూ, వినికిడీ రెండూ పోయిన మనిషి. 1837లో ఆ బడి మొదటి డైరెక్టరు డాక్టర్ శామ్యూల్ హోవె ఆమెకి భాష నేర్పడం మొదలుపెట్టాడు. వస్తువులమీద వుబ్బెత్తు అక్షరాల చీటీలు అంటించి, తడిమి చూపించి, ఎన్నో నెలలు శ్రమపడి నేర్పాడు. అప్పట్లో అదొక వింత. ఇంగ్లండు నుంచి వచ్చిన చార్లెస్ డికెన్స్ ఆమెని చూసి 1842లో అచ్చయిన తన అమెరికా యాత్రా గ్రంథంలో రాశాడు. ఆన్ చేరేనాటికి లారాకి యాభై దాటాయి. కుట్లూ అల్లికలూ చేసుకుంటూ ఒక మూల కూర్చునేది. ఆమెతో మాట్లాడాలంటే వేళ్ళభాష రావాలి. ఒక్కొక్క అక్షరానికీ చేతివేళ్ళతో ఒక్కొక్క గుర్తు. ఆ గుర్తులు ఎదటివాళ్ళ అరచేతిలో పెట్టాలి. ఆన్ అది నేర్చుకుంది.

ఇక్కడ కథలో ఒక చిత్రం చూడండి. ఎక్కడో దక్షిణాన టస్కంబియాలో కేట్ కెల్లర్ అనే తల్లి డికెన్స్ పుస్తకం చదివింది. ఆమె కూతురు హెలెన్‌కి 19 నెలల వయసులో జబ్బుచేసి చూపూ వినికిడీ పోయాయి. ఆశ పుట్టింది. భర్త పిల్లని తీసుకుని బాల్టిమోర్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన వాషింగ్టన్‌లో వున్న అలెగ్జాండర్ గ్రాహంబెల్ దగ్గరికి పంపాడు. మన టెలిఫోను బెల్లే! ఆయన చెవిటివాళ్ళకి చదువు చెప్పడంలో ఆరితేరినవాడు. పెర్కిన్స్‌కి వుత్తరం రాయమన్నాడు. అప్పుడు పెర్కిన్స్ పెద్ద మైఖేల్ అనాగ్నస్. ఆయనకి తట్టిన పేరు ఆన్ సలివాన్. నెలకి 25 డాలర్లు జీతం, తిండీ, వుండడానికి గదీ. ఒక తల్లి పుస్తకం చదవడంతో కదిలిన తీగ అలా ఇక్కడికి వచ్చింది.

ఆన్‌కి ఇది ఎంతో ఇష్టపడి ఒప్పుకున్న వుద్యోగమేమీ కాదు. చదువైపోయింది, బతకాలి, వెళ్ళడానికి ఇల్లు లేదు. కొన్ని నెలలు పెర్కిన్స్‌లోనే కూర్చుని డాక్టర్ హోవె రాసిపెట్టిన లారా చదువు రికార్డంతా చదివింది. పెర్కిన్స్ పిల్లలు హెలెన్ కోసం ఒక బొమ్మ కొనిచ్చారు. దానికి గౌను కుట్టింది లారా. ఆ బొమ్మ పెట్టెలో పెట్టుకుని బయలుదేరింది.

కెల్లర్ గారిల్లు కలిగినవాళ్ళ ఇల్లు. ఆయన అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో కెప్టెన్. పత్రిక నడిపేవాడు. వచ్చింది ఉత్తరాది పిల్ల, చిన్న వయసు, పైగా పెంకి మనిషి. ఇంట్లోవాళ్ళకి అనుమానంగానే వుండి వుంటుంది. అయితే వాళ్ళకన్నా ముందు పరీక్ష పెట్టింది హెలెన్. కొద్దిరోజుల్లోనే కొత్త టీచర్ని గదిలో పెట్టి తాళంవేసి, తాళంచెవి దాచేసింది. తండ్రి నిచ్చెన వేయించి కిటికీలోంచి దింపవలసి వచ్చింది. అంతకుముందే కన్నతల్లిని సామాన్ల కొట్లో పెట్టి తాళంవేసి మూడుగంటలు వుంచిన ఘనత ఆ పిల్లది!

హెలెన్ మొద్దు పిల్ల కాదు. తనంతట తాను కల్పించుకున్న సైగలు అరవైదాకా వుండేవి. కోపమల్లా ఆ సైగలు చాలకే. ఇంట్లో ఎవరూ ఆ పిల్లకి ఎదురు చెప్పేవారు కాదు. భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ ఎవరి పళ్ళెంలో చెయ్యిపెట్టి ఏది కావలిస్తే అది తీసుకునేది. పాపం పిల్ల అని అందరూ వూరుకునేవారు. మన ఇళ్ళల్లో మాత్రం? ఒక పిల్లకి కాలో చెయ్యో సరిగా లేకపోతే ఇల్లంతా ఆ పిల్ల చుట్టూ జాలితో గోడ కట్టేస్తుంది. అది ప్రేమే. కాదనడానికి లేదు. కాని గోడ గోడే.

ఆన్ ఆ జాలిని మొదటిరోజుల్లోనే పసికట్టింది. తనకి జాలి చూపించినవాళ్ళు లేరు కదా, దాని విలువా తెలుసు, అపాయమూ తెలుసు. ఒకరోజు ఉదయం ఫలహారం దగ్గర తన పళ్ళెంలో చెయ్యి పెట్టనివ్వలేదు. పిల్ల నేలమీద పడి దొర్లింది, గిల్లింది. ఇంట్లోవాళ్ళు చూడలేక లేచిపోయారు. ఆన్ తలుపు గడియ వేసుకుని కూర్చుంది. చాలాసేపటికి హెలెన్ కుర్చీలో కూర్చుని చెంచాతో తింది. తరవాత తుడుచుకునే గుడ్డ మడతపెట్టడానికి ఇంకో రగడ. అదయ్యాక టీచరు పైకివెళ్ళి మంచంమీద పడి ఏడ్చింది. ఎంతైనా ఇరవై ఏళ్ళ పిల్లే కదా.

ఈరోజుల్లో టీచర్లు ఈ పద్ధతిని మెచ్చుకోరు. పిల్లని బలవంతంగా పట్టుకుని కూర్చోబెట్టడం మంచిది కాదంటారు. ఆ మాట నిజమే. ఆన్ కూడా బలవంతంతో సంతోషంగా లేదు. కాని ఆమె వాదం ఒకటుంది. పిల్ల నా మాట వినకపోతే నేనిచ్చేది పుచ్చుకోదు, ఇంట్లోవాళ్ళు మధ్యలో వుంటే మాట వినదు - అంతే. అందుకని పెద్దవాళ్ళని ఒప్పించి, ఇంటికి కొంచెం దూరంలో వున్న చిన్న తోట ఇంట్లోకి పిల్లని తీసుకుని వెళ్ళింది. పిల్ల ఆ చోటు గుర్తుపట్టకుండా సామాన్లు మార్పించి, బండిలో దూరం తిప్పి తీసుకొచ్చారు. రెండు వారాలు ఇద్దరే. సాయానికి ఒక నల్లవాళ్ళ కుర్రాడు.

ఆ కుర్రాడి సంగతి సరదాగా వుంటుంది. పోటీ వుంటే హెలెన్‌కి హుషారు వస్తుందని ఆన్ వాడికి కూడా వేళ్ళ అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. వాడు తప్పు చేస్తే హెలెన్‌కి పరమానందం. మళ్ళీ మళ్ళీ చేయించేది. సరిగా చేస్తే తలమీద దబదబా తట్టి మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు దెబ్బలకి భయపడి వాడు కావాలనే తప్పులు చేస్తున్నాడేమోనని ఆన్ అనుమానం! ఒకరికి నేర్పితేగాని మనకి పూర్తిగా రాదన్న సంగతి ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. కళ్ళముందు చూసి పట్టుకుంది.

మార్చి నెల గడిచేసరికి హెలెన్ శాంతించింది. అరచేతిలో పెట్టిన మాటల్ని తిరిగి పెట్టడం వచ్చింది. బొమ్మ అనీ, కేకు అనీ పెట్టేది. కాని అవి పేర్లని తెలియదు. చిలక పలుకులే. పాలూ, పాలుపోసే మగ్గూ - ఈ రెండింటి దగ్గర ఎప్పుడూ తికమకే. ఏప్రిల్ 5 ఉదయం ముఖం కడుక్కుంటూ నీళ్ళ పేరేమిటని సైగ చేసి అడిగింది. ఆన్‌కి ఆలోచన తట్టింది. పంపు దగ్గరికి తీసుకెళ్ళి, మగ్గు పట్టుకోమని, తను పంపు కొట్టింది. చల్లని నీళ్ళు మగ్గు నిండి చేతిమీదుగా పొర్లుతుంటే రెండో చేతిలో ఆ మాట రాసింది. మగ్గు కిందపడిపోయింది. పిల్ల నేలని తట్టి దాని పేరడిగింది. పంపు పేరడిగింది. గిర్రున తిరిగి, నీ పేరేమిటని టీచర్నే అడిగింది. "టీచర్" అని రాసింది ఆన్. కొన్ని గంటల్లో ముప్ఫై మాటలు వచ్చాయి. ఆ రాత్రి పిల్ల తనంతట తాను వచ్చి కౌగిలించుకుని మొదటిసారి ముద్దుపెట్టుకుంది.

సినిమా ఇక్కడితో అయిపోతుంది. ఆన్ గొప్పతనం, నన్నడిగితే, ఆ తరవాతి వారంలో వుంది.

పంపు దగ్గర విజయం సాధించాక మామూలు టీచరైతే ఏం చేస్తుంది? రోజుకి పది మాటల చొప్పున జాబితా వేసి, ఉదయం పాఠం, సాయంత్రం అప్పజెప్పడం. ఆన్ కూడా అలాగే మొదలుపెట్టింది. కాని హెలెన్ చుట్టాలింట్లో పదిహేను నెలల పాప వుండేది. ఆన్ ఆ పాపని గమనించింది. మన ఇంట్లో పాపాయిని చూడండి. "చందమామ ఏదీ?" అంటే చెయ్యెత్తి చూపిస్తుంది. "తాతయ్యకి దండం పెట్టు" అంటే చేతులు కలుపుతుంది. మాట మాత్రం "అత్త", "తాత" తప్ప రాదు. అంటే పలకడానికి ఎంతోముందే భాష అర్థమవుతోందన్నమాట. ఎవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చుట్టూవున్నవాళ్ళు వాళ్ళ ధోరణిలో వాళ్ళు మాట్లాడారు. పాప విన్నది.

అయితే హెలెన్‌కి మాత్రం వేరే పద్ధతి ఎందుకు? పాపాయి చెవిలో మాట్లాడినట్టే ఈ పిల్ల అరచేతిలో మాట్లాడతాను, అనుకుంది ఆన్. ఒక్కొక్క మాటా విడదీసి కాదు. నిండు వాక్యాలు. అర్థం కానిచోట సైగతో పూరించాలి. తిరిగి అప్పజెప్పమని అడగకూడదు. పాఠం వేళలు తీసేసింది. తెలిసిందా లేదా అని పిల్లని గుచ్చి గుచ్చి అడగడం మానేసింది. రోజంతా, నిద్రలేచింది మొదలు, ఆ అరచేతిలో కబుర్లు. ఆగస్టు చివరికి హెలెన్‌కి ఆరువందల పైచిలుకు మాటలు వచ్చాయి. అంతకుముందే జూన్ 17న పెన్సిలుతో ఒక వుత్తరం రాసింది. టీచరు వచ్చి మూడున్నర నెలలైంది అప్పటికి!

ఇదంతా ఆన్ ఎవరితో చెప్పుకుంది? పెర్కిన్స్‌లో పిల్లల్ని చూసుకునే సోఫియా హాప్కిన్స్ అనే పెద్దావిడకి వారం వారం వుత్తరాలు రాసేది. వాటిలో కొన్ని 1903లో హెలెన్ ఆత్మకథతోపాటు అచ్చయ్యాయి. వాటివల్లే ఇవాళ మనకి ఇంత వివరంగా తెలిసింది. ఆ వుత్తరాల్లో పెద్ద పెద్ద విద్యా సిద్ధాంతాలమీద ఆమె వేసిన చురకలు చదివితే నవ్వొస్తుంది. పిల్లలు వట్టి దద్దమ్మలు, వాళ్ళకి ఆలోచించడం కూడా మనమే నేర్పాలి అనుకుని ఆ పద్ధతులన్నీ తయారుచేశారని ఆమె ఫిర్యాదు. పిల్లని తోటలోకి వదలండి, తనే ఆలోచిస్తుంది అంటుంది.

అన్నట్టే చేసింది. బడి అంతా ఆరుబయటే. టెన్నెసీ నది ఒడ్డున గులకరాళ్ళతో ఆనకట్టలు కట్టారు, ద్వీపాలు చేశారు, కాలవలు తవ్వారు. భూగోళం పాఠమని హెలెన్‌కి తెలియదు, ఆట అనుకుంది. తడిమట్టితో కొండలూ లోయలూ చేసి తడిమించింది. కప్పపిల్లల్ని గాజుపాత్రలో పెట్టి పెరగనిచ్చింది. కోడిపిల్ల పొదుక్కుంటూ బయటికొచ్చే గుడ్డుని చేతిలో పట్టుకోనిచ్చింది. చదవడం నేర్పడానికి వుబ్బెత్తు అక్షరాల అట్టముక్కలు చేయించింది. ఒకరోజు హెలెన్ "అమ్మాయి" అన్న అట్ట తన గౌనుకి పిన్నుతో తగిలించుకుని, బట్టల బీరువాలోకి ఎక్కి నుంచుని, మిగిలిన మాటలు బీరువా అరమీద పేర్చింది: అమ్మాయి బీరువాలో వుంది! తనే ఒక వాక్యమైపోయింది పిల్ల.

చేతికి అందే వస్తువుల పేర్లు సరే. చేతికి అందనివాటి సంగతేమిటి? హెలెన్ ఒకరోజు పూసలు గుచ్చుతోంది. రెండు పెద్దవి, మూడు చిన్నవి, వరస తప్పుతోంది. ఆగి, ఎలాగా అని చూస్తోంది. సరిగ్గా ఆ క్షణంలో ఆన్ ఆ పిల్ల నుదుటిమీద వేలుపెట్టి "ఆలోచించు" అని రాసింది. తన తలలో జరుగుతున్న పనికి ఆ పేరు అని హెలెన్‌కి చప్పున తెలిసింది. మాట చెప్పడానికి వేళ వుంటుంది. ఆ పని లోపల జరుగుతున్నప్పుడే దాని పేరు చెప్పాలి. ముందు చెప్పినా దండగే, తరవాత చెప్పినా దండగే.

ఇంకొక సంగతి తల్లులకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ వేసవిలో చుట్టాలింట్లో కొత్త పాపాయి పుట్టింది. పాపాయిలు ఎక్కణ్ణుంచి వస్తారని హెలెన్ అడిగింది. 1887లో, కలవారి ఇంట్లో, ఆరేడేళ్ళ ఆడపిల్ల! మనం ఈరోజుకీ "దేవుడిచ్చాడు" అనో, "ఆస్పత్రిలో కొన్నాం" అనో దాటేస్తాం. ఆన్ ఆలోచించింది. అడగగలిగిన పిల్లకి నిజం వినే హక్కు ఎందుకు లేదూ అనుకుంది. మొక్కల పుస్తకం తెచ్చి, విత్తునుంచి మొదలుపెట్టి, గుడ్డూ పిల్లా మీదుగా, పిల్లకి అర్థమైనంత మేరకి నిజమే చెప్పింది. పెళ్ళికాని ఇరవై ఒక్క ఏళ్ళ పంతులమ్మకి అది ఎంత ఇబ్బందో వూహించుకోవచ్చు. అయినా అబద్ధం మాత్రం ఆడలేదు.

ఈ పద్ధతిలో లోటు లేదనను. పిల్లకి లోకం మొత్తం ఒక్క చేతిమీదుగా వచ్చింది. 1891లో హెలెన్ ఒక చిన్న కథ రాసి అనాగ్నస్‌కి పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి అచ్చువేశాడు. తరవాత అది మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి కథకి చాలా దగ్గరగా వుందని బయటపడింది. పదకొండేళ్ళ పిల్లని పెద్దవాళ్ళ ముందు కూర్చోబెట్టి, టీచర్ని బయటికి పంపి, విచారణ చేశారు. ఎప్పుడో అరచేతిలో విన్న కథ, విన్నట్టు గుర్తులేకుండా, తన వూహలాగా పైకి వచ్చింది. మనందరికీ భాష అలాగే వస్తుంది, కాకపోతే మనం విన్న చోట్లు వెయ్యి. ఆ పిల్లకి ఒక్కటే. ఆ విచారణ గాయం గురుశిష్యులిద్దరికీ చాలాకాలం మానలేదు.

తరవాతి కథ లోకానికి తెలుసు. 1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరింది. క్లాసులో పక్కన కూర్చుని ప్రొఫెసరు చెప్పిన ప్రతిమాటా అరచేతిలో రాసింది ఆన్. ఇంటికొచ్చి, బ్రెయిలీలో లేని పుస్తకాలన్నీ చదివి మళ్ళీ రాసింది. అసలే అంతంతమాత్రం కళ్ళు, మరింత దెబ్బతిన్నాయి. 1904లో హెలెన్ ఆనర్సుతో పట్టభద్రురాలైంది. ఆ చదువంతా తనూ చదివిన ఆన్‌కి పట్టా లేదు. 1931లో టెంపుల్ విశ్వవిద్యాలయం ఇద్దరికీ గౌరవ పట్టాలిస్తామంటే, నాకంత అర్హత లేదని ఆన్ నిరాకరించింది. మరుసటి ఏడాది ఎంతో చెప్తేగాని పుచ్చుకోలేదు. 1936 అక్టోబరు 20న ఆమె పోయేనాటికి చూపు దాదాపు పూర్తిగా పోయింది.

ఇందులో నాకు అన్నిటికన్నా మనసుకి పట్టే విషయం ఒకటుంది. బీదల శరణాలయంలో తను పెరిగిన సంగతి ఆన్ దశాబ్దాలపాటు గుట్టుగా వుంచింది. 1933లో నెల్లా బ్రాడీ ఆమె జీవితచరిత్ర రాసినప్పుడుగాని లోకానికి తెలియలేదు. సిగ్గుపడింది. ఎవరైనా పడతారు. కాని చూడండి, ఆమె అర్హత అంతా ఆ దాచుకున్నచోటే వుంది. చీకట్లో పిల్ల ఎలా వుంటుందో ఆమెకి తెలుసు. కోపం ఎందుకొస్తుందో తెలుసు. జాలిపడి వదిలేసినవాళ్ళు ఎలా మిగిలిపోతారో ట్యూక్స్‌బరీ వార్డుల్లో కళ్ళారా చూసింది. ఏ ట్రైనింగు కాలేజీలోనూ ఆ పాఠం లేదు. అలాగని బాధపడినవాళ్ళందరూ మంచి టీచర్లవుతారనీ కాదు. పడ్డ బాధని చేదుగా మార్చుకున్నవాళ్ళే ఎక్కువ. ఆన్ దాన్ని ఎదటి పిల్లని గమనించే ఓపికగా మార్చుకుంది.

హెలెన్ కెల్లర్ 1955లో మన దేశానికి వచ్చింది. నెహ్రూ గారి ముఖాన్ని వేళ్ళతో తడిమి చూసింది. అదే ఏడాది ఆమె తన గురువుమీద రాసిన పుస్తకం వెలువడింది. దానికి పెట్టిన పేరు "టీచర్". పంపు దగ్గర, నీ పేరేమిటని అడిగితే అరచేతిలో రాసిన మాట అది. ఆ తరవాత జీవితమంతా హెలెన్ ఆమెని మరో పేరుతో పిలవనే లేదు.